గ్యారేజ్‌లో 38 డిగ్రీలు, బీరుకు కావాల్సింది 19: సొంతంగా కూలింగ్ పెట్టె కట్టడం గురించి సలహా కావాలి

ఫ్రిస్కో_బ్రూ

అందరికీ నమస్కారం. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మార్చి దాకా ఇంట్లో కాచుకునే బీరును 5 గ్యాలన్ల బ్యాచ్‌లుగా గ్యారేజ్‌లోనే పెట్టేవాణ్ణి, ఏ ఏర్పాటూ లేకుండా బాగానే పులిశాయి. ఇప్పుడు మధ్యాహ్నం అక్కడ 38 దాటుతోంది, తెల్లవారుజామున కూడా 30 కిందికి రావడం లేదు. ఇంట్లో ఏసీ 25 మీద ఉంటుంది. గెస్ట్ రూమ్ క్లోజెట్ వాడుకోవచ్చు కానీ ఆగస్టులో గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తారు, అప్పటికి దాన్ని ఖాళీ చేయాలి.

చేయాలనుకుంటున్నది పేల్ ఏల్ రకం బీరు. మొదటి గ్రావిటీ (నీటితో పోలిస్తే ద్రవం ఎంత చిక్కనో చెప్పే కొలత, చక్కెర తగ్గేకొద్దీ తగ్గుతుంది) 1.050, ఈస్ట్ యూఎస్-05. మొదటి మూడు నాలుగు రోజులు 19 దగ్గర నిలబెట్టాలని ఉంది. బడ్జెట్ 150 డాలర్లు.

వీడియోలు చూస్తే నాలుగు దారులు కనిపించాయి: ఫోమ్ పెట్టెలో ఐసు సీసాలు పెట్టి చిన్న ఫ్యాను తిప్పడం, పెల్టియర్ ప్లేటు (కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి, ఇంకో వైపు వేడెక్కేది), చెస్ట్ ఫ్రీజర్ (మూత పైకి తెరిచే పెట్టె ఫ్రీజర్), పాత విండో ఏసీని విప్పి గ్లైకాల్ చిల్లర్ (గడ్డకట్టని చల్లటి ద్రవాన్ని తిప్పే యంత్రం) చేయడం. చేతులతో కట్టడం నాకిష్టం, అందుకే రెడీమేడ్ వద్దనుకుంటున్నాను. ఏది మొదలుపెట్టమంటారు?

హాప్స్_తోట

పాత చెస్ట్ ఫ్రీజర్, దాన్ని ఉష్ణోగ్రత చూసి ఆన్, ఆఫ్ చేసే కంట్రోలర్ ఇన్‌క్‌బర్డ్ ఐటీసీ-308. ఇంతకు మించి ఆలోచించొద్దు. మార్కెట్‌ప్లేస్‌లో 7 క్యూబిక్ అడుగులది వెతకండి, మీ బడ్జెట్‌లోనే అయిపోతుంది. బేరం ఆడే ముందు మీ ఫర్మెంటర్ (బీరు పులిసే పాత్ర) ఎత్తు, వెడల్పు కొలుచుకుని వెళ్లండి. కంప్రెసర్ మీద ఉండే మెట్టు వల్ల లోపల చోటు బయటికి కనిపించినంత ఉండదు.

లెక్కల_మాస్టారు

ఫ్రీజర్ మంచి సలహానే. కానీ ఫ్రిస్కో గారు కట్టుకుంటానంటున్నారు కాబట్టి, ముందు ఎంత వేడి బయటికి తోడాలో లెక్క వేద్దాం. ఈ లెక్క వేయకుండా కొన్న మిషన్ చాలకుండా పోతుంది, లేదంటే అవసరానికి పదింతలు పెద్దదవుతుంది.

వేడి రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి ఈస్ట్ పుట్టించేది. మీ 5 గ్యాలన్లు అంటే 19 లీటర్లు, గ్రావిటీ 1.050 అంటే అందులో కరిగి ఉన్నది దాదాపు రెండున్నర కిలోలు, ప్రధానంగా చక్కెరలు. అందులో ఈస్ట్ నిజంగా తినేది కిలోన్నర. కిలోకు సుమారు 587 కిలోజౌళ్లు వస్తాయి కాబట్టి మొత్తం 900 కిలోజౌళ్లు. ఇది ఒక్కసారిగా వచ్చి ఎటూ పోకపోతే బీరు 11 డిగ్రీలు వేడెక్కుతుంది. కానీ అది కొన్ని రోజుల మీద వస్తుంది. బాగా పొంగే రోజున కూడా సగానికి మించదు, అంటే 400 కిలోజౌళ్ల చిల్లర. వాట్లలో చెబితే 5. చిన్న నైట్ ల్యాంప్ పాటి.

రెండోది పెట్టె గోడల్లోంచి వచ్చే వేడి. హోమ్ డిపోలో దొరికే రెండంగుళాల గులాబీ రంగు ఫోమ్ బోర్డు ఆర్-10 (వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత). 60 × 60 × 90 సెంటీమీటర్ల పెట్టె కడితే గోడలు, మూత, అడుగు కలిపి 2.9 చదరపు మీటర్లు. లోపల 19 ఉండాలి. గ్యారేజ్ రాత్రీ పగలూ కలిపి సగటున 34 అనుకుంటే గోడల్లోంచి 25 వాట్లు వస్తాయి, రోజుకు 2,100 కిలోజౌళ్లు. అదే పెట్టె 25 డిగ్రీల క్లోజెట్‌లో ఉంటే 10 వాట్లు, రోజుకు 850.

చూశారా? గ్యారేజ్‌లో పెడితే ఈస్ట్ వేడికి ఐదింతలు గోడల వేడే. అసలు పోరాటం గ్యారేజ్‌తోనే.

ఇక ఐసు. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్లు తీసుకుంటుంది. రెండు లీటర్ల సీసా గడ్డకట్టించి పెడితే, అది కరిగి 10 డిగ్రీలకు వచ్చేలోపు 750 దాకా లాగుతుంది. క్లోజెట్‌లో అయితే బాగా పొంగే రోజుకు రెండు సీసాలు చాలు, ఆ తర్వాత ఒకటి, ఒకటిన్నర. గ్యారేజ్‌లో రోజుకు మూడు నాలుగు, అదీ మూత ఎక్కడా సందు లేకుండా మూసుకుంటేనే. ఇంట్లో ఫ్రీజర్‌లో రెండు లీటర్ల సీసా నడిమధ్య దాకా గడ్డకట్టడానికి దాదాపు రోజు పడుతుంది కాబట్టి ప్రతి సీసాకీ ఒక జత ఉండాలి. నిండా నింపకండి, గడ్డకట్టినప్పుడు పగులుతుంది.

అందుకే నా మాట: ఈ నెల క్లోజెట్‌లో ఐసు పెట్టె, ఆగస్టు నుంచి గ్యారేజ్‌లో ఫ్రీజర్. ఐసు పెట్టెను గ్యారేజ్‌లో పెట్టి రోజూ సీసాలు మోయమని ఎవరికీ చెప్పను.

ఫీనిక్స్_ఎడారి

మాస్టారు గారి లెక్కకు ఇంకోటి కలుపుతాను. లీటరు నీరు ఆవిరైతే 2,400 కిలోజౌళ్ల వేడి తీసుకుపోతుంది. ఏడు కిలోల ఐసుతో సమానం! ఫ్రీజర్ అక్కర్లేదు, సీసాలు మోయక్కర్లేదు.

నేను చేసేది ఇది. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్‌లో ఫర్మెంటర్ పెట్టి, దాని సగం ఎత్తు దాకా నీళ్లు పోస్తాను. పాత కాటన్ టీషర్టు తొడిగి, అంచులు నీళ్లలో మునిగేలా వదిలేస్తాను. పక్కన టేబుల్ ఫ్యాను. మన ఊళ్లో మట్టికుండ నీళ్లు చల్లబడేది ఎలాగో ఇదీ అలాగే. టబ్‌లోని నీళ్ల బరువు వల్ల ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగరదు, దిగదు. ఇంట్లో 27 ఉన్నా బీరు 19, 20 దగ్గర ఉంటుంది. మరీ పొంగే రోజున సాయంత్రం ఒక ఐసు సీసా టబ్‌లో వేస్తాను. ఖర్చు టబ్‌కీ ఫ్యానుకీ, అంతే.

నీళ్లలో రెండు మూడు చుక్కలు బ్లీచ్ వేయండి, లేకపోతే టీషర్టు నాచు పడుతుంది. ఫర్మెంటర్ మూత మీదికి తడి పాకకుండా చూసుకోండి.

హ్యూస్టన్_గోదారి

ఇది ఫీనిక్స్‌లో నడుస్తుంది, హ్యూస్టన్‌లో నడవదు. తేడా తడి బల్బు ఉష్ణోగ్రతలో, అంటే ఆవిరి వల్ల తడి గుడ్డ దిగగలిగే ఆఖరి ఉష్ణోగ్రతలో ఉంది. మీ దగ్గర జూన్‌లో బయట 42 ఉండి గాలిలో తేమ 10 శాతం అయితే తడి గుడ్డ 20 దాకా దిగగలదు. మా దగ్గర 34 డిగ్రీలు, 60 శాతం తేమ. గుడ్డ ఎంత తడిపినా 27 దగ్గర ఆగిపోతుంది. హైదరాబాద్‌లో మే నెలలో ఎయిర్ కూలర్ హాయిగా ఉండి, వైజాగ్‌లో అదే కూలర్ ఉక్కపోత పెంచడానికి కారణం ఇదే. మీ ఫీనిక్స్‌లో కూడా జులైలో మాన్‌సూన్ తేమ మొదలయ్యాక పని తగ్గుతుంది కదా?

డాలస్ ఈ రెంటికీ మధ్య. ఏసీ గదిలో, 25 డిగ్రీలు, 50 శాతం తేమ దగ్గర తడి బల్బు 18. కాగితం మీద 19 సాధ్యమే, కానీ పొంగే రోజుకు వెసులుబాటు ఉండదు.

ఫీనిక్స్_ఎడారి

నిజమే, జులై, ఆగస్టుల్లో నేనూ ఐసు ఎక్కువ వేస్తాను. మే, జూన్‌లలో మాత్రం దీన్ని మించింది లేదు.

కల్లు_కాదు_క్వైక్

ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. బీరును చల్లబరచడం ఎందుకు, వేడిని ఇష్టపడే ఈస్ట్ వేయొచ్చుగా? నార్వే పల్లెల్లో తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన క్వైక్ ఈస్ట్‌లు ఉన్నాయి. వాటిలో వాస్ రకం 35 నుంచి 40 మధ్య చక్కగా పులుస్తుంది, సన్నగా నారింజ వాసన ఇస్తుంది. మీ గ్యారేజ్ దానికి సరిపోయే చోటు.

వేసవికి తలవంచడం కొత్తేమీ కాదు. బవేరియాలో 1553లో ఏకంగా ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాచకూడదని ఆజ్ఞ పెట్టారు, వేడిలో పులిసిన బీరు చెడిపోతోందని. 1870ల్లో కార్ల్ ఫాన్ లిండె తన శీతల యంత్రాన్ని మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీలో పెట్టి సరిచూసుకున్నాడు. మన వంటింటి ఫ్రిజ్ కథలో బీరుకు పెద్ద భాగమే ఉంది.

ఫ్రిస్కో_బ్రూ

క్వైక్ ఒకసారి తప్పకుండా చేస్తాను. కానీ ఈ పేల్ ఏల్‌లో హాప్స్ (బీరుకు వాసన, చేదు ఇచ్చే పూలు) వాసన తప్ప ఇంకేదీ ముందుకు రాకూడదు, అందుకే యూఎస్-05 మీదే ఉంటాను.

మాస్టారు గారి లెక్క చూశాక క్లోజెట్‌లో ఫోమ్ పెట్టెతో మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను. రెండు సందేహాలు. 10 వాట్లే కదా, ఐసు బదులు పెల్టియర్ పెడితే సీసాలు మార్చే పని తప్పించుకోవచ్చా? రెండోది, కంట్రోలర్‌కి ఉష్ణోగ్రత చెప్పే ప్రోబ్ ఎక్కడ పెట్టాలి? పెట్టెలో గాలిలోనా, బీరులోనా?

ఎలక్ట్రికల్_అక్క

పెల్టియర్ సంగతి ముందు. అందరూ కొనే 12706 ప్లేటు చల్లటి వైపు 10, వేడి వైపు 45 ఉన్నప్పుడు 20 వాట్లు తోడితే గొప్ప, అందుకు అది 60 వాట్లు తింటుంది. ఆ మొత్తం 80 వాట్లనూ బయటి హీట్‌సింక్ వదిలించుకోవాలి. చిన్న హీట్‌సింక్ పెడితే వేడి వైపు 60కి పోతుంది, చల్లటి వైపు పని ఆగిపోతుంది. ఇంకో చిక్కు: ఆపేసినప్పుడు ఆ ప్లేటే బయటి వేడిని లోపలికి మోస్తుంది. మీ క్లోజెట్‌లో పెద్ద హీట్‌సింక్, మంచి ఫ్యాను పెడితే పని చేయొచ్చు, కానీ ఆ డబ్బుకు పాత ఫ్రీజర్‌లో సగం వస్తుంది. క్లోజెట్ తలుపు మూసి ఉంటే ఆ వేడంతా క్లోజెట్‌లోనే తిరుగుతుంది కూడా.

ప్రోబ్ గురించి నా అభిప్రాయం గట్టిది. గాలిలో మాత్రం పెట్టకండి. పొంగే రోజుల్లో బీరు చుట్టూ ఉన్న గాలి కంటే 3 నుంచి 6 డిగ్రీలు వేడిగా ఉంటుంది. గాలి 19 చూపిస్తుంటే లోపల బీరు 24లో ఉండొచ్చు. ఫర్మెంటర్ పక్కకు, బీరు మట్టం సగం ఎత్తులో ప్రోబ్ ఆనించి, దాని మీద నాలుగు పొరల బబుల్ ర్యాప్ గానీ స్పాంజ్ గానీ పెట్టి గట్టిగా టేప్ వేయండి. పైన కప్పు ఉంటేనే అది గాలిని వదిలి బీరును కొలుస్తుంది.

ఐసు పెట్టెకి: రెండు అరలు. ఒక అరలో సీసాలు, ఇంకో అరలో ఫర్మెంటర్, మధ్య గోడకు పైన ఒక రంధ్రం, కింద ఒక రంధ్రం. ఒకదానికి 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను బిగించండి. కంట్రోలర్ కూలింగ్ సాకెట్‌లో ఆ ఫ్యాను అడాప్టర్ పెట్టండి. బీరు 19.5 దాటితే ఫ్యాను తిరుగుతుంది, 19కి వస్తే ఆగుతుంది. ఐసు ఉన్నంతసేపూ ఇంతకన్నా సున్నితంగా నడిచేది లేదు. అతుకులకు అల్యూమినియం ఫాయిల్ టేప్, మూత అంచుకు తలుపులకు వేసే ఫోమ్ పట్టీ. కంట్రోలర్ ఇప్పుడే కొనండి, ఆగస్టులో అదే ఫ్రీజర్‌కి పనికొస్తుంది.

హాప్స్_తోట

అక్కా, బయట టేప్ వేయడం కంటే థర్మోవెల్ మేలు కదా? స్టీల్ గొట్టం బీరు మధ్యలోకి దిగుతుంది, నిజమైన ఉష్ణోగ్రత చూపిస్తుంది.

ఎలక్ట్రికల్_అక్క

చదవడానికి థర్మోవెల్ మేలు, నడిపించడానికి నేనైతే వాడను. ముఖ్యంగా ఫ్రీజర్‌తో. 19 లీటర్ల నడిమధ్యకు చలి చేరేసరికి ఫ్రీజర్ గోడలు గడ్డకట్టే స్థితికి పోతాయి. కంట్రోలర్ ఆపేశాక కూడా ఆ చలి బీరును కిందికి లాగుతూనే ఉంటుంది, ఈస్ట్ నిద్రపోతుంది. ఈస్ట్ జోరుగా కదిలే రోజుల్లో బీరు తనంతట తానే కలుస్తుంది కాబట్టి గోడకు ఆనించిన ప్రోబ్‌కీ మధ్యకీ తేడా చాలా తక్కువ.

ఆగస్టులో ఫ్రీజర్ పెట్టేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి. తేడా సెట్టింగ్ (ఎంత వేడెక్కాక మళ్లీ ఆన్ కావాలో) 0.5 నుంచి 1 డిగ్రీ. కంప్రెసర్ ఆగాక మళ్లీ మొదలయ్యే ముందు కనీసం 3 నిమిషాలు గడువు, నేనైతే 10 పెడతాను. గ్యారేజ్ ప్లగ్గుకు జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే రక్షణ) ఉండాలి. ఫ్రీజర్ గోడకు డ్రిల్ పెట్టొద్దు: చెస్ట్ ఫ్రీజర్‌లో గ్యాస్ గొట్టాలు గోడల లోపలే చుట్టి ఉంటాయి, కొత్తవాటిలో ఉండేది ఐసోబ్యూటేన్, అంటుకునే గ్యాస్. ప్రోబ్ వైరు మూత రబ్బరు కిందినుంచి పోనివ్వండి, సన్నటి వైరుకు అది సర్దుకుంటుంది.

లెక్కల_మాస్టారు

ఒక హెచ్చరిక నేనూ చేరుస్తాను, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ కిలోన్నర చక్కెర నుంచి 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, దాదాపు 380 లీటర్లు. 7 క్యూబిక్ అడుగుల ఫ్రీజర్ లోపలి చోటు 200 లీటర్లే. ఆ గ్యాస్ గాలి కంటే బరువు, అడుగున పేరుకుంటుంది. మూత తీసిన వెంటనే తల లోపలికి వంచకండి. పక్కనుంచి కాసేపు ఫ్యానుతో గాలి కొట్టి, అప్పుడు చేయి పెట్టండి. పిల్లలున్న ఇంట్లో మూతకు తాళం ఉండాల్సిందే.

మూడు_ఫర్మెంటర్లు

గ్లైకాల్ గురించి ఎవరూ రాయలేదు. నేను కట్టుకుని వాడుతున్నాను కాబట్టి రాస్తున్నాను. 5,000 బీటీయూ విండో ఏసీ పై కవరు విప్పి, ముందున్న చల్లటి కాయిల్‌ను గొట్టాలు నలగకుండా మెల్లగా వంచి ఐస్ చెస్ట్‌లోకి దించాలి. గొట్టం ఒక్కచోట నలిగినా గ్యాస్ పోయి ఏసీ పనికిరాకుండా పోతుంది. చెస్ట్‌లో నీళ్లూ ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవం. 30 శాతం గ్లైకాల్ ఉంటే -13 దాకా గడ్డకట్టదు. కార్లలో పోసే ఎథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని దగ్గరికి కూడా రానివ్వద్దు. ఒక్కో ఫర్మెంటర్‌లో స్టీల్ కాయిల్, ఒక్కోదానికి సొంత పంపు, సొంత కంట్రోలర్. ఏసీ కంట్రోలర్ మాత్రం చెస్ట్‌లోని ద్రవాన్ని చూసుకుంటుంది.

కానీ ఫ్రిస్కో గారూ, అది దాదాపు 1,465 వాట్ల యంత్రం. మీకు కావాల్సింది 15, 30. ఒక్క ఫర్మెంటర్‌కి అది వద్దు. రెండు మూడు బీర్లు వేర్వేరు ఉష్ణోగ్రతల్లో నడపాలంటే అప్పుడు దానికి సాటి లేదు, ఒకటి 12లో లాగర్, పక్కనే 20లో ఏల్.

వైజాగ్_కొంబుచా

నమస్తే. మీ చర్చ చదువుతుంటే నాకూ కట్టాలనిపిస్తోంది. వైజాగ్‌లో బీరు ఇంట్లో చేసుకోవచ్చా? ప్రస్తుతం కొంబుచా (పులియబెట్టిన టీ) చేస్తున్నాను. మేలో ఇంట్లో 33 ఉంటే రెండు మూడు రోజులకే వెనిగర్‌లా అయిపోతోంది.

లెక్కల_మాస్టారు

వద్దు. ఆంధ్రప్రదేశ్ 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయడం నేరం, తెలంగాణలోనూ అంతే. ఇక్కడ అమెరికాలో ఫెడరల్ అనుమతి 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో వచ్చింది. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ అంతకు మించి గానీ ఉంటే 200, అమ్మకూడదు. అలబామా, మిసిసిపీల్లో 2013 దాకా అదీ లేదు.

కొంబుచాకు మాత్రం ఇదే ఫోమ్ పెట్టె కట్టండి. 24 నుంచి 27 చాలు కాబట్టి 33 డిగ్రీల గదిలో చిన్న జాడీకి రోజుకు ఒక రెండు లీటర్ల సీసా సరిపోతుంది. కొంబుచాకు గాలి ఆడాలి కాబట్టి రోజూ మూత తీస్తూ ఉండండి. వేసవిలో దోసెల పిండి పొద్దున్నకే పులిసిపోకుండా రాత్రిపూట అందులోనే పెట్టుకోవచ్చు.

వైజాగ్_కొంబుచా

చాలా థాంక్స్ మాస్టారు. పిండి సంగతి అమ్మకు చెప్తే మొదట ఆవిడే కట్టిస్తుంది.

ఫ్రిస్కో_బ్రూ

కట్టేశాను. ఫోమ్ ఒక షీట్ చాలదు, మందం వల్ల అంచుల దగ్గర తగ్గుతుంది, రెండు కొనాలి. అక్క చెప్పినట్టు రెండు అరలు, పైన ఫ్యాను, బబుల్ ర్యాప్ కింద ప్రోబ్.

ఈస్ట్ వేసే ముందు వోర్ట్‌ను (ఇంకా పులియని, కాచిన తీపి ద్రవాన్ని) 18కి తెచ్చాను. కుళాయి నీళ్లే ఈ నెలలో 28 ఉన్నాయి, వోర్ట్‌లో ముంచి కుళాయి నీళ్లు పారించే గొట్టం చుట్టతో (ఇమ్మర్షన్ చిల్లర్) 30 దగ్గర ఆగిపోయింది. మిగతాది ఈ పెట్టెలోనే సీసాలు నింపి పెట్టి తెల్లారేదాకా దించి, అప్పుడు ఈస్ట్ వేశాను. మొదటి నాలుగు రోజులూ 19, 19.5 మధ్యే తిరిగింది. బాగా పొంగిన రోజు రెండు సీసాలు కరిగాయి, తర్వాత ఒకటే. మాస్టారు గారి లెక్క అచ్చంగా దిగింది!

రుచి చూశాను. అరటిపండు వాసన లేదు, గొంతులో మంట లేదు, హాప్స్ శుభ్రంగా ముందుకొస్తున్నాయి. ఇప్పుడు గ్రావిటీ 1.014. ఇంకా 19లోనే ఉంచనా?

ఎలక్ట్రికల్_అక్క

వద్దు. చల్లదనం కావాల్సింది మొదటి మూడు రోజులే. ఈస్ట్ పెరిగే ఆ దశలోనే ఘాటు ఆల్కహాళ్లు, పండ్ల వాసనలు ఎక్కువగా పుడతాయి. ఇప్పుడు ఐసు తీసేసి మూత వదులుగా పెట్టండి, తనంతట తాను 21, 22కి రానివ్వండి. మిగిలిన చక్కెర పూర్తిగా తింటుంది, వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్‌ను కూడా శుభ్రం చేస్తుంది. రెండు రోజులు గ్రావిటీ కదలకపోతే అయిపోయినట్టు.

ఫ్రిస్కో_బ్రూ

సరే అక్కా. ఆ తర్వాత సీసాల్లో నింపే ముందు చల్లబరిచి తేటపరచడానికి ఈ పెట్టె 3 డిగ్రీలకు దిగుతుందా?

లెక్కల_మాస్టారు

దిగదు, ప్రయత్నించొద్దు. 20 కిలోల బీరును 21 నుంచి 3కి తేవడానికే 1,450 కిలోజౌళ్లు, రెండు సీసాలు. పైగా గోడల్లోంచి రోజుకు 3,000 కిలోజౌళ్లు, ఇంకో నాలుగు సీసాలు. పైగా సున్నా డిగ్రీల ఐసుతో గాలిని 3 దగ్గర నిలబెట్టాలంటే ఫ్యాను ఆగకుండా తిరగాలి. 10, 12 దాకా తెచ్చి మూడు రోజులు ఉంచండి, ఈస్ట్ చాలావరకు అడుగుకు చేరుతుంది. గాజులా తేటగా కావాలంటే ఫ్రీజర్ వచ్చేదాకా ఆగండి.

హాప్స్_తోట

చల్లబరిచేటప్పుడు ఎయిర్‌లాక్ (గ్యాస్‌ను బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని మూత గొట్టం) సంగతి మరవద్దు. లోపలి గ్యాస్ కుంచించుకుని, ఎయిర్‌లాక్‌లోని శానిటైజర్‌ను బీరులోకి పీల్చుకుంటుంది, వెనకే బయటి గాలి కూడా పోతుంది. ఎస్ ఆకారం ఎయిర్‌లాక్‌లో నీళ్లు సగానికి తగ్గించండి, లేదంటే ఆ మూడు రోజులూ గట్టి బిరడా పెట్టండి. ప్లాస్టిక్ బకెట్ అయితే బిరడా పెట్టాక మూత లోపలికి లొత్త పడుతుందేమో చూస్తూ ఉండండి, పడితే ఒక్క క్షణం వదులు చేసి మళ్లీ బిగించండి. మీది బకెట్టా, పెద్ద గాజు సీసా (కార్బాయ్) నా?

ఫ్రిస్కో_బ్రూ

బకెట్. ఎస్ ఎయిర్‌లాకే, ఇప్పుడే సగం తీసేశాను. ప్లేనోలో ఒకాయన 7 క్యూబిక్ అడుగుల ఫ్రీజర్ 80 డాలర్లకు పెట్టాడు, శనివారం టేపు పట్టుకుని వెళ్తున్నా. కంప్రెసర్ మెట్టు మీద 11 అంగుళాల స్టార్టర్ జాడీ (ముందుగా ఈస్ట్‌ను పెంచుకునేది) పట్టాలంటే మెట్టు నుంచి మూత దాకా ఎంత ఉండాలో ఎవరైనా కొలిచి చెప్పగలరా?

హాప్స్_తోట

జాడీకి ఎయిర్‌లాక్ పెడితే ఇంకో నాలుగంగుళాలు కలపండి, 15 ఉండాలి. ఫాయిల్ కప్పితే 12 చాలు.